అమెరికాలో మెడికల్ గంజాయి, వైద్య లైసెన్సులు, రాష్ట్రాల చట్టాలు: మనవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను న్యూజెర్సీలో నర్సుగా పనిచేస్తున్నాను. గుడి దగ్గరో, పిల్లల పుట్టినరోజుల్లోనో మనవాళ్ళు పక్కకు పిలిచి అడిగే ప్రశ్నలు ఏళ్ళ తరబడి దాదాపు ఇవే. "అక్కా, చిన్న డౌట్" అని మొదలుపెడతారు. ఆ చిన్న డౌట్ వెనక ఒక్కోసారి పదేళ్ళ గ్రీన్‌కార్డ్ ఎదురుచూపు ఉంటుంది. ఒక్కోసారి ఊళ్ళో పొలం అమ్మి కట్టిన కాలేజీ ఫీజు ఉంటుంది. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. నేను లాయర్‌ని కాను. పైగా ఈ చట్టాలు తరచూ మారుతుంటాయి. డబ్బు కట్టే ముందు, సంతకం పెట్టే ముందు మీ రాష్ట్ర బోర్డు వెబ్‌సైట్ తప్పకుండా చూడండి.

ఒకే దేశం కదా, రాష్ట్రానికో చట్టం ఎందుకు?

ఎవరు వైద్యం చేయాలి, ఏ పరీక్ష పాసవ్వాలి, నర్సు ఎంతవరకు మందులు రాయవచ్చు అనేవి అమెరికాలో రాష్ట్రాల చేతిలో ఉన్న విషయాలు. 1889లోనే డెంట్ వర్సెస్ వెస్ట్ వర్జీనియా కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చేసింది. అప్పటికే కొన్నేళ్ళుగా ప్రాక్టీసు చేస్తున్న డెంట్ సర్టిఫికెట్‌ను రాష్ట్ర బోర్డు ఒప్పుకోలేదు. ఆయన కోర్టుకు వెళ్ళాడు, కోర్టు రాష్ట్రం పక్షానే నిలిచింది. మన దగ్గర శ్రీకాకుళంలో తీసుకున్న డ్రైవింగ్ లైసెన్స్ ఆదిలాబాద్‌లోనూ చెల్లుతుంది. ఇక్కడ హడ్సన్ నది దాటితే న్యూయార్క్, అక్కడ నా న్యూజెర్సీ నర్సింగ్ లైసెన్స్ చెల్లదు.

మా రాష్ట్రంలో గంజాయి లీగల్ అంటున్నారు. మరి ఇంకా భయమెందుకు?

రాష్ట్రం లీగల్ అన్నది నిజమే, కేంద్రం మాత్రం అనలేదు. 1970 నాటి కేంద్ర చట్టం గంజాయిని మొదటి షెడ్యూల్‌లో, అంటే అన్నిటికన్నా కఠినమైన నిషేధ జాబితాలో, హెరాయిన్ పక్కన పెట్టింది. 1996లో కాలిఫోర్నియా ఓటర్లు ప్రాపోజిషన్ 215 ద్వారా రోగులకు అనుమతి ఇచ్చారు. ఆ తర్వాత ఒక్కో రాష్ట్రం ఆ దారి పట్టింది. 2012లో కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాలు రోగంతో పని లేకుండా పెద్దవాళ్ళందరికీ ఒప్పుకున్నాయి. ఇంత జరిగినా కేంద్ర చట్టం పోలేదు.

2002లో కాలిఫోర్నియాలో డయాన్ మాన్సన్ అనే రోగి పెరట్లో ఉన్న ఆరు మొక్కలను కేంద్ర ఏజెంట్లు వచ్చి పీకేశారు. రాష్ట్ర చట్టం ప్రకారం ఆమె చేసింది తప్పు కాదు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2005లో గొంజాలెస్ వర్సెస్ రైచ్ తీర్పులో 6-3 తేడాతో కోర్టు, రాష్ట్రం అనుమతించినా కేంద్రం నిషేధించవచ్చని చెప్పింది. 2014 చివర్లో కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) కాస్త ఊరట ఇచ్చింది. రాష్ట్రాల మెడికల్ గంజాయి పథకాలను అడ్డుకోవడానికి న్యాయశాఖ డబ్బు ఖర్చుపెట్టకూడదని బడ్జెట్ చట్టంలో ఒక షరతు చేర్చింది. ఆ షరతు న్యాయశాఖకే. ఇమ్మిగ్రేషన్ వాళ్ళు వేరే శాఖ.

నేను హెచ్‌1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నాను. నడుం నొప్పికి మెడికల్ గంజాయి కార్డు తీసుకోవచ్చా?

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే, నేను ఎక్కువ బాధపడేదీ ఇక్కడే. మీ రాష్ట్రం కార్డు ఇస్తుంది. అర్హమైన జబ్బు ఉందా, ఆ రాష్ట్రంలో ఉంటున్నారా అని చూస్తుంది తప్ప, ఈ కార్డు మీ వీసాను ఏం చేస్తుందో చెప్పదు. గంజాయి దుకాణం కౌంటర్‌లో ఉన్న అమ్మాయికీ తెలియదు.

ఇమ్మిగ్రేషన్ చట్టం చూసేది కేంద్ర చట్టాన్నే. నియంత్రిత మత్తు పదార్థాల చట్టాన్ని ఉల్లంఘించామని మన నోటితో మనం ఒప్పుకున్నా చాలు, దేశంలోకి రానివ్వకపోవడానికి, గ్రీన్‌కార్డ్ నిరాకరించడానికి అది కారణం కావచ్చు. అరెస్టు, కోర్టు, శిక్ష ఏవీ అక్కర్లేదు. గ్రీన్‌కార్డ్ మెడికల్ పరీక్షలో డాక్టర్ డ్రగ్స్ వాడకం గురించి అడుగుతాడు. పౌరసత్వం దగ్గర కూడా ఇదే సమస్య. రాష్ట్రంలో లీగల్ అయినా గంజాయికి సంబంధించిన పనులు "మంచి నడవడిక" అనే షరతుకు అడ్డం రావచ్చని పౌరసత్వ శాఖ 2019 ఏప్రిల్‌లో లిఖితపూర్వకంగా చెప్పింది. వాడకమే కాదు, గంజాయి వ్యాపారంలో ఉద్యోగం చేయడాన్నీ అందులో చేర్చింది. డిస్పెన్సరీ (గంజాయి అమ్మే దుకాణం) నడిపే కంపెనీలో అకౌంట్స్ ఉద్యోగం వచ్చిందని సంతోషించే ముందు ఈ మాట గుర్తుంచుకోండి.

2024 మేలో న్యాయశాఖ గంజాయిని మూడో షెడ్యూల్‌కు మార్చాలని ప్రతిపాదించింది. "ఇక టెన్షన్ లేదు కదా" అని చాలామంది ఫోన్ చేశారు. మూడో షెడ్యూల్‌లో ఉన్నవి కూడా నియంత్రిత పదార్థాలే. పౌరసత్వం చేతికి వచ్చేదాకా కార్డు జోలికి వెళ్ళకండి అని నేను మా తమ్ముడికి చెప్పాను, మీకూ అదే చెబుతాను. నొప్పికి వేరే వైద్యం ఉంది, ఆ దారిలో మీ డాక్టర్‌ను గట్టిగా అడగండి.

ఎప్పుడో పార్టీలో ఒక గమ్మీ (గంజాయి కలిపిన జెల్లీ మిఠాయి) తిన్నాను. ఇంటర్వ్యూలో అడిగితే?

ముందే ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను కలవండి. అబద్ధం చెప్పకండి, అబద్ధం చెప్పడం దానికదే ఇంకో పెద్ద అడ్డంకి. లాయర్‌తో మాట్లాడకుండా తొందరపడి ఏదీ చెప్పకండి కూడా. ఏ మాటను చట్టం "ఒప్పుకోవడం" కింద తీసుకుంటుందో చెప్పగలిగేది వాళ్ళే.

ఒక రాష్ట్రంలో కొని ఇంకో రాష్ట్రానికి తీసుకెళ్ళవచ్చా? నయాగరా వెళ్ళినప్పుడు కెనడాలో కొంటే?

రెండూ వద్దు. రెండు రాష్ట్రాల్లోనూ లీగల్ అయినా, సరిహద్దు దాటించడం కేంద్ర నేరం. కెనడాలో 2018 అక్టోబర్ నుంచి గంజాయి చట్టబద్ధం, కానీ తిరిగి వచ్చేటప్పుడు వంతెన మీద నిలబడి ఉండేది అమెరికా కేంద్ర అధికారి.

డల్లాస్, హ్యూస్టన్, ఆస్టిన్‌లలో ఉన్న పిల్లలకు ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. కొలరాడో ట్రిప్‌కు వెళ్ళి సరదాగా గమ్మీల డబ్బా తెచ్చుకుంటారు. టెక్సాస్ చట్టంలో టీహెచ్‌సీ (గంజాయిలో మత్తెక్కించే పదార్థం) తీసి చేసిన పదార్థాలు మామూలు గంజాయి ఆకు కింద రావు, వేరే జాబితాలో ఉంటాయి. ఒక గ్రాము లోపు దొరికినా ఫెలనీ, అంటే తీవ్రమైన నేరం. పైగా టీహెచ్‌సీ ఎంత ఉందని కాదు, చక్కెర, జెలటిన్‌తో సహా మొత్తం బరువును లెక్కేస్తారు. స్టూడెంట్ వీసా మీద ఉన్న కుర్రాడికి ఫెలనీ కేసు అంటే ఏమిటో నేను వివరంగా చెప్పనక్కర్లేదు.

నాన్నగారికి కీళ్ళ నొప్పులు. ఇండియాకు వెళ్ళేటప్పుడు గమ్మీలు తీసుకెళ్ళవచ్చా?

తీసుకెళ్ళకూడదు. మన దేశంలో 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ఉంది. అమెరికా రాష్ట్రం ఇచ్చిన కార్డుకు శంషాబాద్ విమానాశ్రయంలో ఏ విలువా లేదు. అక్కడ అది మత్తు పదార్థాన్ని దిగుమతి చేసుకోవడం కిందకు వస్తుంది. నాన్నగారు విజిటర్ వీసా మీద ఇక్కడికే వచ్చినా, రాష్ట్రాల కార్డులు సాధారణంగా అక్కడ నివాసం ఉండేవాళ్ళకే ఇస్తారు.

డాక్టరే రాసిచ్చాడు కదా, అది ప్రిస్క్రిప్షన్ కాదా?

కాదు. ఇది చాలామందికి తెలియని తేడా. గంజాయికి డాక్టర్ ఇచ్చేది "సిఫార్సు" లేదా "ధృవీకరణ". ఈ రోగికి ఈ జబ్బు ఉంది, దీనివల్ల మేలు కలగవచ్చు అని రాస్తాడు, అంతే. అలా సిఫార్సు చేసినందుకు డాక్టర్ లైసెన్స్ తీసేయకూడదని 2002లో కొనంట్ వర్సెస్ వాల్టర్స్ కేసులో అప్పీలు కోర్టు చెప్పింది. డాక్టర్‌కు ఆ రక్షణ ఉంది, వీసా మీద ఉన్న రోగికి అలాంటిది లేదు. ఇన్సూరెన్స్ కూడా డబ్బు కట్టదు.

నిజమైన ప్రిస్క్రిప్షన్‌తో మామూలు ఫార్మసీలో దొరికే మందులు మాత్రం కొన్ని ఉన్నాయి. 2018 జూన్‌లో కేంద్ర మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, ఎపిడియోలెక్స్ అనే సీబీడీ (గంజాయి మొక్కలోని మత్తెక్కించని పదార్థం) సిరప్‌ను రెండు తీవ్రమైన మూర్ఛ జబ్బులకు, డ్రావే, లెనాక్స్-గస్టో సిండ్రోమ్‌లకు ఆమోదించింది. కీమోథెరపీ వాంతులకు వాడే డ్రోనబినాల్ 1985 నుంచే ఉంది. ఇవి కేంద్రం ఆమోదించిన మందులు. మూర్ఛ ఉన్న పసిబిడ్డను ఎత్తుకుని తిరిగే తల్లిదండ్రులు కార్డు గురించి ఆలోచించే ముందు, న్యూరాలజిస్ట్‌ను ఈ మందు గురించి అడగాలి. వీసా మీద ఉన్న కుటుంబానికి ఈ తేడా చాలా పెద్దది.

ఏ రాష్ట్రంలో ఎలా ఉంది?

అన్నీ రాయలేను, మనవాళ్ళు ఎక్కువగా అడిగేవి చెబుతాను. న్యూజెర్సీలో మెడికల్ చట్టం 2010లో వచ్చింది. 2022 ఏప్రిల్ నుంచి 21 ఏళ్ళు నిండినవాళ్ళు కార్డు లేకుండానే కొనవచ్చు. ఫ్లోరిడాలో 2016లో 71 శాతం ఓటర్లు మెడికల్‌కు ఒప్పుకున్నారు. అందరికీ అనుమతించాలన్న 2024 ప్రతిపాదనకు సగానికి పైగా ఓట్లు వచ్చినా, అక్కడ రాజ్యాంగ సవరణకు కావలసిన 60 శాతం రాలేదు. ఓక్లహోమాలో 2018లో ఓటర్లు తెచ్చిన చట్టంలో జబ్బుల జాబితాయే లేదు, డాక్టర్ సిఫార్సు ఉంటే చాలు. టెక్సాస్ 2015లో మొండి మూర్ఛకు మాత్రమే, చాలా తక్కువ టీహెచ్‌సీతో మొదలుపెట్టింది. 2025లో దీర్ఘకాలిక నొప్పిని కూడా చేర్చింది.

జార్జియా కథ వింటే కడుపు తరుక్కుపోతుంది. 2015లో తక్కువ టీహెచ్‌సీ ఉన్న నూనె దగ్గర ఉంచుకోవడానికి కార్డులు ఇచ్చారు. కానీ ఆ నూనెను రాష్ట్రంలో చట్టబద్ధంగా అమ్మే దుకాణం 2023 ఏప్రిల్‌లో గానీ తెరవలేదు. దాదాపు ఎనిమిదేళ్ళు తల్లిదండ్రుల చేతిలో కార్డు ఉంది, కొనడానికి చోటు లేదు. బయటి నుంచి తెస్తే కేంద్ర నేరం. చట్టసభ ఒక బిల్లు పాస్ చేసినంత మాత్రాన రోగి ఇంటికి మందు చేరదని అక్కడి కుటుంబాలకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

కార్డు ఉంటే ఉద్యోగంలోంచి తీసేయకూడదు కదా?

రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. కొలరాడోలో బ్రాండన్ కోట్స్ కారు ప్రమాదంలో కాళ్ళూ చేతులూ చచ్చుబడిన మనిషి. కార్డు ఉంది, ఇంట్లో, పని లేని వేళల్లోనే వాడేవాడు. పరీక్షలో బయటపడిందని 2010లో కంపెనీ తీసేసింది. కేంద్ర చట్టం ప్రకారం నేరమైన పనికి రాష్ట్ర రక్షణ వర్తించదని 2015లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పింది. న్యూజెర్సీ 2021 చట్టం ఉద్యోగుల పట్ల ఇంకొంచెం దయగా ఉంది. ఇక మాలాంటి నర్సులకు కంపెనీతో పాటు లైసెన్స్ బోర్డు కూడా పైన ఉంటుంది. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కుంటాం, లైసెన్స్ పోతే చదువే పోయినట్టు.

బీఎస్సీ నర్సింగ్ చేశాను. ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు ఒక రాష్ట్రాన్ని ఎంచుకోవాలి. ఆ రాష్ట్ర బోర్డు మీ చదువును పరిశీలించి, ఎన్‌క్లెక్స్ (నర్సుల లైసెన్స్ పరీక్ష) రాయడానికి అనుమతి ఇస్తుంది. పరీక్షా కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది. 2023 ఏప్రిల్ నుంచి కొత్త పద్ధతిలో 85 నుంచి 150 ప్రశ్నలు, ఐదు గంటల సమయం. సోషల్ సెక్యూరిటీ నంబర్ లేకపోతే దరఖాస్తునే తీసుకోని రాష్ట్రాలు ఉన్నాయి కాబట్టి రాష్ట్రం ఎంపిక చాలా ముఖ్యం. వలస వచ్చే నర్సులకు వీసాస్క్రీన్ సర్టిఫికెట్ కూడా కావాలి, అది కేంద్రం షరతు.

ఇక్కడికి వచ్చాక కాంపాక్ట్ (నర్సుల లైసెన్సుల మీద రాష్ట్రాల మధ్య ఒప్పందం) గురించి వింటారు. ఒక రాష్ట్రంలో బహుళ రాష్ట్రాల లైసెన్స్ తీసుకుంటే 40కి పైగా రాష్ట్రాల్లో పనిచేయవచ్చు. టెక్సాస్, ఫ్లోరిడా, జార్జియా, నార్త్ కరోలినా అందులో ఉన్నాయి. కాలిఫోర్నియా, న్యూయార్క్, ఇల్లినాయిస్ చేరలేదు. ఒక కాంపాక్ట్ రాష్ట్రం నుంచి ఇంకో కాంపాక్ట్ రాష్ట్రానికి ఇల్లు మారితే 60 రోజుల్లో కొత్త రాష్ట్రంలో దరఖాస్తు చేయాలని 2024 జనవరి నుంచి నియమం వచ్చింది. సామాన్లు సర్దుకునే హడావిడిలో దీన్ని మరిచిపోయేవాళ్ళు చాలామంది.

బీఫార్మసీ చేశాను, పైన ఎంఫార్మసీ కూడా ఉంది. ఫార్మసిస్ట్ కావచ్చా?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నాకు మా ఆడపడుచు గుర్తొస్తుంది. విదేశాల్లో చదివిన ఫార్మసిస్టులు ముందు వాళ్ళ చదువును పరిశీలించి ఇచ్చే ఎఫ్‌పీజీఈసీ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. 2003 జనవరి 1 తర్వాత డిగ్రీ పూర్తిచేసిన వాళ్ళకు కనీసం ఐదేళ్ళ ఫార్మసీ డిగ్రీ ఉండాలి. మన బీఫార్మసీ నాలుగేళ్ళు. దాని మీద రెండేళ్ళ ఎంఫార్మసీ చేసినా ఆ లోటు పూడదు. మా ఆడపడుచు గుంటూరులో రెండూ చేసింది, రెండింటిలోనూ మంచి మార్కులు. ఇక్కడికి వచ్చాక ఒక కన్సల్టెన్సీ వాళ్ళు "అన్నీ మేం చూసుకుంటాం" అని డబ్బు కట్టించుకున్నారు, పుస్తకాలు కొనిపించారు. ఈ ఒక్క షరతు మాత్రం చెప్పలేదు. ఏడాది చదివాక తెలిసింది. ఆ రాత్రి తను పుస్తకాలన్నీ అట్టపెట్టెలో సర్దుతుంటే నేను పక్కనే కూర్చున్నాను, ఏం మాట్లాడాలో తోచలేదు. నియమం రహస్యమేమీ కాదు, పరీక్ష పెట్టే సంస్థ వెబ్‌సైట్‌లోనే ఉంది. చూడాలని మాకు ఎవరూ చెప్పలేదు.

మన దేశంలో 2008లో మొదలైన ఆరేళ్ళ ఫార్మ్‌డీ చేసినవాళ్ళకు ఈ ఇబ్బంది లేదు. సర్టిఫికెట్ వచ్చాక రాష్ట్రం చెప్పినన్ని గంటలు ఇంటర్న్‌గా పనిచేయాలి, నాప్లెక్స్ (ఫార్మసిస్టుల లైసెన్స్ పరీక్ష) రాయాలి, ఆ రాష్ట్ర ఫార్మసీ చట్టం మీద ఇంకో పరీక్ష రాయాలి. బీఫార్మసీ వాళ్ళకు ఫార్మసీ టెక్నీషియన్ ఉద్యోగం, క్లినికల్ రీసెర్చ్, లేదా ఇక్కడి ఫార్మ్‌డీలో చేరడం అనే దారులున్నాయి. ఇంటర్ పిల్లలను ఫార్మసీలో చేర్పించబోతున్న తల్లిదండ్రులు దయచేసి ఈ సంగతి ముందే తెలుసుకోండి.

ఎంబీబీఎస్ వాళ్ళు రెసిడెన్సీ (ఇక్కడి ఆసుపత్రిలో కొన్నేళ్ళ శిక్షణ) లేకుండా ప్రాక్టీసు చేయవచ్చని విన్నాం. నిజమేనా?

కొంత నిజం. టెన్నెసీ 2023లో చట్టం చేసింది. విదేశాల్లో శిక్షణ పూర్తిచేసిన డాక్టర్‌కు టెన్నెసీ ఆసుపత్రి ఉద్యోగం ఇస్తే, తాత్కాలిక లైసెన్స్ మీద పర్యవేక్షణలో రెండేళ్ళు పనిచేశాక పూర్తి లైసెన్స్‌కు అర్హత వస్తుంది. ఫ్లోరిడా, వర్జీనియా 2024లో, టెక్సాస్ 2025లో తమ తమ షరతులతో చట్టాలు చేశాయి. అయితే ఇవి మన దగ్గర పీజీ చేసి ప్రాక్టీసులో ఉన్నవాళ్ళకు ఉద్దేశించినవి, నిన్ననే హౌస్ సర్జన్సీ ముగించినవాళ్ళకు కాదు. యూఎస్ఎంఎల్ఈ (డాక్టర్ల లైసెన్స్ పరీక్ష), విదేశీ డాక్టర్లకు ఇచ్చే ఈసీఎఫ్ఎంజీ సర్టిఫికెట్ ఎలాగూ తప్పవు. రాష్ట్రం లైసెన్స్ ఇచ్చినా, ఆసుపత్రులు, ఇన్సూరెన్స్ కంపెనీలు స్పెషాలిటీ బోర్డు సర్టిఫికెట్ అడిగితే చిక్కే, దానికి సాధారణంగా ఇక్కడి రెసిడెన్సీ కావాలి. కుర్ర డాక్టర్లకు రెసిడెన్సీయే ఇప్పటికీ రాజమార్గం.

నేను హెచ్‌4 (హెచ్‌1బీ వాళ్ళ భార్య లేదా భర్తకు ఇచ్చే వీసా) మీద ఉన్నాను. లైసెన్స్ ఇస్తారా?

లైసెన్స్ వేరు, పనిచేసే అనుమతి వేరు. ఇల్లినాయిస్ 2018లో, న్యూజెర్సీ 2020లో చేసిన చట్టాల ప్రకారం వలస హోదా కారణంగా లైసెన్స్ నిరాకరించకూడదు. కాలిఫోర్నియాలో సోషల్ సెక్యూరిటీ నంబర్ లేకపోతే పన్ను నంబర్ ఇచ్చినా సరిపోతుంది. కానీ లైసెన్స్ చేతిలో ఉన్నా, పనిచేయాలంటే 2015లో వచ్చిన హెచ్‌4 ఈఏడీ (ఉద్యోగ అనుమతి పత్రం) లాంటి అనుమతి ఉండాల్సిందే. ఈఏడీ కోసం ఎదురుచూస్తూ ఇంట్లో కూర్చున్న అక్కచెల్లెళ్ళకు నా సలహా ఒకటే, పరీక్షలు ఇప్పుడే రాసేయండి.

బీఏఎంఎస్ చేశాను, ఆయుర్వేద క్లినిక్ పెట్టవచ్చా?

ఆయుర్వేద వైద్యులకు లైసెన్స్ ఇచ్చే రాష్ట్రం లేదు. మిన్నెసోటా, కాలిఫోర్నియా లాంటి కొన్ని రాష్ట్రాల్లో లైసెన్స్ లేనివాళ్ళు కూడా కొన్ని సేవలు అందించవచ్చు. నేను లైసెన్స్ ఉన్న డాక్టర్‌ను కాను అని రోగికి రాతపూర్వకంగా చెప్పాలి. జబ్బు నిర్ధారణ చేయడం, డాక్టర్ రాసిన మందు ఆపమనడం లాంటివి చేస్తే లైసెన్స్ లేకుండా వైద్యం చేసిన కేసు అవుతుంది.

అమ్మానాన్న ఇక్కడికి వచ్చారు. హైదరాబాద్ డాక్టర్ వాట్సాప్‌లో రాసిన మందు ఇక్కడ కొనవచ్చా?

ఇక్కడి ఫార్మసీ ఇవ్వదు. రోగి ఎక్కడ కూర్చుని ఉంటే దాదాపు అక్కడి రాష్ట్ర చట్టమే వర్తిస్తుంది, డాక్టర్‌కు ఆ రాష్ట్ర లైసెన్స్ ఉండాలి. అందుకే బయల్దేరేటప్పుడే మూడు నెలలకు సరిపడా మందులు, అసలు ప్యాకింగ్‌లో, ప్రిస్క్రిప్షన్‌తో సహా తెచ్చుకోమనండి. ట్రమడాల్, అల్‌ప్రజొలామ్, కొడీన్ ఉన్న దగ్గు సిరప్ లాంటివి ఇక్కడ నియంత్రిత మందులు, వాటిని చుట్టుపక్కల వాళ్ళకు పంచకండి.

నా డాక్టర్‌కో, నర్సుకో నిజంగా లైసెన్స్ ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

రాష్ట్ర బోర్డుల వెబ్‌సైట్‌లో పేరు కొడితే ఉచితంగా కనిపిస్తుంది. ఎప్పటివరకు చెల్లుతుంది, శిక్షలేమైనా పడ్డాయా అనేవీ సాధారణంగా ఉంటాయి. నర్సుల వివరాలకు నర్సిస్ అనే సైట్ ఉంది. మీ లైసెన్స్ కూడా ఏడాదికోసారి అక్కడ చూసుకోండి. రెన్యువల్ నోటీసు పాత ఇంటి చిరునామాకు వెళ్ళి, గడువు దాటిన సంగతి తెలియకుండానే డ్యూటీకి వచ్చిన నర్సులను నేను చూశాను.